కొత్తపట్నం టూరుకు మైక్రోస్కోపును కూడా తీసుకెళ్దాం

త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం వైపు పిల్లల్లో చాలామంది సముద్రాన్ని మొదటిసారి చూసేది స్కూల్ టూర్లోనే. కొత్తపట్నంలో బస్సు దిగడం, మోకాళ్ల లోతు నీళ్లలో గంతులు, గ్రూప్ ఫోటో, తిరుగు ప్రయాణం. అందులో తప్పేం లేదు. నేను అడిగేది ఇంకొక్క గంట. ఈ మాట ఎత్తగానే తల్లిదండ్రుల నుంచి వచ్చే ప్రశ్న ఒకటే: "ఇది నీట్‌లో వస్తుందా సార్?"

రావచ్చు. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి జీవశాస్త్రంలో డయాటమ్‌లు, డైనోఫ్లాజెల్లేట్‌లు ఉన్నాయి. కాకపోతే పుస్తకంలో అవి బిట్లు, నీళ్లలో మాత్రం ఆకలి మీదున్న జీవులు.

నాక్టిల్యూకానే చూడండి. ఉన్నది ఒకే కణం, అయినా చిన్న చుక్కలా కంటికి ఆనుతుంది. జిగురున్న తోకలాంటి కొసతో డయాటమ్‌లను, దొరికితే చేపగుడ్లను కూడా అంటించుకుని లోపలికి లాక్కుంటుంది. రాత్రిపూట అలల్లో నీలంగా మెరిసేదీ ఇదే. 2019 ఆగస్టులో చెన్నై తీరంలో జనం ఎగబడి వీడియోలు తీసుకున్నది ఈ మెరుపునే. అరేబియా సముద్రంలోని పచ్చ రకం మరీ గడుసుది. ఒంట్లో పచ్చటి శైవలాలను పెంచుకుని, అవి ఎండలో వండింది తింటూనే బయట వేట కూడా సాగిస్తుంది. ఇంతకీ అది మొక్కా, జంతువా? నాలుగు ఆప్షన్లలో దాన్ని ఎక్కడ పెట్టాలో పిల్లలనే వాదించుకోనివ్వండి. చలికాలంలో అది విపరీతంగా పెరిగితే చేపల మేత తగ్గి, ఆ దెబ్బ జాలరి వల దాకా వస్తుందని శాస్త్రజ్ఞుల బెంగ.

భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం సముద్రానిదే. అక్కడ తయారైన ఆహారంలో సగానికి పైగా ముందు ఇలాంటి సూక్ష్మజీవులే మేస్తాయి. వాటిని కోపెపాడ్‌లు, కోపెపాడ్‌లను చేపపిల్లలు తింటాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు పచ్చదనాన్ని, వేడిని గమనించి, చేపలు ఎక్కడ దొరకవచ్చో జాలర్లకు తెలుగులోనే చెబుతోంది. ఐసులో మన బజారుకు వచ్చే సముద్రపు చేప వెనక ఇంత మేత ఉంది.

పెద్ద ఖర్చేం లేదు. సన్నటి గుడ్డతో కుట్టిన గరాటు వల, దాని చివర ఒక సీసా, ల్యాబ్ బీరువాలోని మైక్రోస్కోపు చాలు. పడవ అక్కర్లేదు, ఒడ్డున బకెట్లతో నీళ్లు వడపోస్తే సరిపోతుంది. స్కూలుకు తెచ్చి చూపిద్దామంటే మాత్రం కుదరదు. సీసా వేడెక్కితే దారిలోనే సగం చచ్చిపోతాయి.

ఈ గంటకు అభ్యంతరం ఉన్నవారు డైరీలో రాసి పంపండి, కూర్చుని మాట్లాడుకుందాం.