మాంసం దేశంలో పొడి డబ్బాలు

సెలవులకు అర్జెంటీనాలో ఉన్న అక్క దగ్గరికి బయల్దేరుతుంటే అమ్మ మూడు డబ్బాల పొడులు సర్దింది. "అది గొడ్డుమాంసం దేశమే, నీకేమీ దొరకదు" అంది. నేనూ నమ్మాను. బ్యూనస్ ఎయిర్స్‌లో మొదటి వారమంతా అన్నం, పొడి. పక్కింటివాళ్ళు ఆదివారం 'అసాదో'కు, అంటే నిప్పుల మీద మాంసం కాల్చే విందుకు, పిలిస్తే తలనొప్పని అబద్ధమాడి ఇంట్లోనే ఉండిపోయాను. అక్క వచ్చి చెప్పింది, నాకోసమని విడిగా చీజ్ బిళ్ళ కాల్చి ఉంచారట. ప్రొవొలెటా అంటారు దాన్ని. ఆ పూట నాకు పొడన్నం దిగలేదు.

మర్నాటి నుంచి వీధుల్లో పడ్డాను. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉన్న ఊరది. పిజ్జా కొట్లో 'ఫైనా' దొరుకుతుంది. జెనోవావాళ్ళు తెచ్చిన సెనగపిండి రొట్టె, మన సెనగపిండి అట్టుకు దగ్గర చుట్టం. దాన్ని పిజ్జా ముక్క మీద పెట్టుకుని తింటారు! బెల్గ్రానోలో చైనా వీధి ఉంది, అబాస్తో వైపు పెరూ హోటళ్ళున్నాయి. ఒక్క జాగ్రత్త: 'కార్నె వద్దు' అంటే చాలదు. వాళ్ళ లెక్కలో కార్నె అంటే గొడ్డుమాంసమే. కోడి, పంది హామ్ కూడా వద్దని పేరుపేరునా చెప్పాలి.

ఒక దేశానికి ఒకటే తిండి అనుకోవడం మన బద్ధకం. తరతరాలుగా తమిళనాట ఉంటూ గోంగూర మానని మనకు, వలస వెళ్ళినవాళ్ళు తమ వంట వదలరని వేరే చెప్పాలా?

తిరిగొచ్చే ముందు ఒక కందిపొడి డబ్బా పక్కింట్లో ఇచ్చొచ్చాను. తలనొప్పి సంగతి మాత్రం చెప్పలేదు.