మంచుకొండకీ పొయ్యి మోసుకెళ్లాలా?

పోయిన ఆదివారం మా తోడికోడలు ఫోన్ చేసింది. నేను అక్కా అనే పిలుస్తాను. వాళ్లుండేది నిజామాబాద్‌లో, మేము ధర్పల్లిలో. అక్క కొడుకు జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే జనవరిలో, బావగారి బడికి సంక్రాంతి సెలవులు కలిసొచ్చేటట్టు చూసి, అమ్మానాన్నల్ని పిలిపించుకుంటాడట. అందరూ కలిసి ఐదు రోజులు ఆల్ప్స్ కొండల్లోని గార్మిష్ పార్టెన్‌కిర్షెన్ అనే ఊరికి వెళ్తారట. మంచు మీద స్కీయింగ్ చేయడానికి. ఊరి పేరు పలకడానికి అక్క మూడుసార్లు ఆగింది.

"సామాన్ల పేర్లు చెప్తా, రాసుకోవే, నేను మర్చిపోత" అన్నది. రాసుకున్నాను. బావగారికి ఉన్ని టోపీ, లోపల తొడుక్కునే వెచ్చటి బట్టలు రెండు జతలు, నల్ల కళ్లద్దాలు. కొడుకూ కోడలివీ వాళ్ల దగ్గరే ఉన్నాయి. మనవడికి చిన్న చేతి తొడుగులు.

"మరి నీకు?"

"నాకా? పల్లి పొడి, నువ్వుల పొడి, చింతకాయ తొక్కు, సకినాలు, చిన్న కుక్కరు, రొట్టెల పెనం. ఆడ తీసుకునే ఇంట్ల వంటగది ఉన్నదట. జారి జారి ఆకలితోని వస్తరు గద పిల్లలు."

"నువ్వు జారవా అక్కా?"

పకపకా నవ్వింది. "నాకెందుకే గవన్నీ. యాభై రెండేండ్లొచ్చినయ్. కాలిరిగితే ఎవరు చేస్తరు?"

ఆ మాట మన ఇళ్లల్లో ఎన్నిసార్లు వినలేదు! కాలిరిగితే నొప్పి ఎవరికి అని కాదు, వంట ఎవరు చేస్తారని మన భయం. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం అక్క గొంతు తగ్గించి, "అయినా జారితే ఎట్లుంటదో" అన్నది. నాకు రాత్రంతా ఆ ఒక్క మాటే చెవిలో ఉన్నది. ఎందుకంటే ఆ ఇద్దరి విమాన టిక్కెట్లకు పెట్టేది అక్క నాలుగేళ్లుగా వేసుకున్న చిట్టీ డబ్బు. "అమ్మకు చలి పడదు, రూములో ఉంటది" అన్నాడట కొడుకు. మంచి పిల్లాడే, తల్లి మీద ప్రేమతోనే అన్నాడు. కానీ తల్లిని అడిగి అన్నాడా? లేదు. బావగారిని అడిగితే, "దానికి ఇష్టముండదు లే" అన్నారు. ఆయనా అడగలేదు.

మనలో చాలామందికి ఆల్ప్స్ కొండలు తెలిసింది సినిమా పాటల్లో. హీరోకు ఉన్ని కోటు, మఫ్లరు, చేతి తొడుగులు. హీరోయిన్‌కు పల్చటి షిఫాన్ చీర, చేతుల్లేని జాకెట్టు. ఆ అమ్మాయికి చలి ఉన్నదని ఎవరికీ గుర్తుండదు. మా అక్క దగ్గరికొచ్చేసరికి అడగకముందే "చలి పడదు"!

ఇంతకూ వీళ్లు వెళ్తున్న ఊరి సంగతి చెప్పాలి. గార్మిష్, పార్టెన్‌కిర్షెన్ అని ఒకప్పుడు రెండు ఊళ్లు. 1936 శీతాకాల ఒలింపిక్స్ కోసం 1935లో ఒకటి చేశారు. కొండ మీంచి మలుపులు తిరుగుతూ కిందికి దిగే స్కీయింగ్‌కు ఒలింపిక్స్‌లో మొదట చోటు దొరికింది అక్కడే. ఆ మొదటిసారే ఆడవాళ్లకూ పోటీ పెట్టారు, జర్మనీ అమ్మాయి క్రిస్టల్ క్రాంజ్ గెలిచింది. మురిసిపోకండి. స్కీలతో గాల్లోకి దూకే ఆట మగవాళ్లకు 1924 నుంచీ ఉంటే, ఆడవాళ్లను ఒలింపిక్స్‌లోకి రానిచ్చింది 2014లో. తొంభై ఏళ్లు గట్టు మీద నిలబెట్టారు. మన దేశం నుంచి శైలజా కుమార్ 1988లోనే కాల్గరీ శీతాకాల ఒలింపిక్స్‌లో స్కీ పోటీకి దిగింది. మనాలీ పిల్ల ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కంచు పతకం తెచ్చింది.

వాళ్లంతా కొండల్లో పెరిగినవాళ్లు, మన వరిమళ్ల నడుమ ఈ మాటలెందుకు అంటారా? మా పక్క మండలం సిరికొండలో పాకాల అని ఊరు. ఆ ఊరి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. పదమూడేళ్ల పదకొండు నెలల పిల్ల. అమ్మానాన్నలు కూలి పనికి పోయేవాళ్లు, చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో, లద్దాఖ్‌లో శిక్షణ తీసుకుని వెళ్లింది. 2022లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తి చేసింది. ఆ రోజుల్లో మా వాడకట్టులో మిఠాయిలు పంచుకున్నాం. పంచుకున్నవాళ్లలో అక్క కూడా ఉన్నది.

యాభై రెండేళ్ల మనిషికి ఎవరెస్టుతో పోలికేమిటని నాకూ తెలుసు. నేను అడిగేది శిఖరం కాదు, చదునైన మంచు మీద రెండు గంటల పాఠం. అందుకే మర్నాడు కూర్చుని కాస్త చదివి, అక్క కోసం రాసిపెట్టాను. పనికొస్తుందని ఇక్కడా చెప్తున్నాను.

మొదటిసారి స్కీ తొడుక్కునేవాళ్లను ఎవరూ కొండెక్కించరు. కింద, దాదాపు నేల మట్టంగా ఉన్న చోట మొదలుపెడతారు. రెండు పలకల ముందు కొసలు దగ్గరికీ వెనక కొసలు దూరానికీ పెట్టి ఆగడం నేర్పుతారు. ఎట్లా పడాలో, పడ్డాక ఎట్లా లేవాలో చెప్తారు. పెద్దవాళ్లకు వేరే తరగతులుంటాయి, ముందుగా పేరు రాయించుకోవాలి. యూరప్‌లో వాలులకు రంగుల గుర్తులుంటాయి: నీలం తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు కష్టం. నలుపు జోలికి మనం పోనక్కర్లేదు.

స్కీలు, బూట్లు, చేతికర్రలు, హెల్మెట్ కొననక్కర్లేదు, అద్దెకిస్తారు. అయితే దుకాణంలో వయసు, ఎత్తు, బరువు అడుగుతారు. ఆడవాళ్లం ఈ మూడింట్లో రెండు దాచడం మనకు అలవాటు. ఇక్కడ మాత్రం దాచకూడదు. బూటును పలకకు పట్టి ఉంచే బిగింపు ఎంత ఉండాలో ఆ లెక్కల మీదే అమరుస్తారు. పడినప్పుడు అది విడిపోవాలి. మరీ గట్టిగా ఉంటే విడిపోదు, మోకాలు మెలిపడుతుంది. మరీ వదులైతే ఊరికే ఊడిపోతుంది. ఒక కిలో తగ్గించి చెప్పుకున్న పాపానికి మోకాలు ఇవ్వాలా?

ఖర్చు విడివిడిగా ఉంటుంది: గది, పైకి తీసుకెళ్లే లిఫ్టు టిక్కెట్టు, అద్దె సామాను, పాఠం. "ప్యాకేజీలో అన్నీ ఉన్నయ్" అంటే ఏవేవో ఒక్కొక్కటీ అడగండి. షెంగెన్ వీసాకు కనీసం 30 వేల యూరోల వైద్య బీమా ఉండాలి. మామూలు ప్రయాణ బీమాల్లో చాలావాటికి మంచు ఆటల్లో తగిలే దెబ్బలు వర్తించవు. ఆ సంగతి కాగితంలో చూసి, లేకపోతే కొంచెం ఎక్కువ కట్టి చేర్పించుకోవాలి. "కాలిరిగితే ఎవరు చేస్తరు" అన్నదానికి సగం జవాబు ఇదే. మిగతా సగం జవాబు బావగారు. ఆయనకు అన్నం, పప్పుచారు వచ్చు, పెళ్లికి ముందు రూములో ఉండి చదువుకున్న మనిషే.

బట్టల్లో నూలు వద్దు, తడిస్తే ఆరదు, చలి ఎముకల్లోకి పోతుంది. ఒక మందపాటి స్వెట్టరు కంటే పల్చటివి మూడు మేలు. చీర ఆ నాలుగు రోజులు పెట్టెలో ఉండనీ. మోకాళ్లకు ముందే డాక్టరును అడిగి, ఇప్పటి నుంచే పొద్దున నడక, కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం మొదలుపెట్టాలి. జనవరికి తొడలు గట్టిపడతాయి.

ఇంతా చదివి "నాకు వద్దే తల్లీ" అంటే సంతోషంగా ఒప్పుకుంటాను. ఆ ఊరి నుంచి జుగ్‌ష్పిట్జ్ శిఖరం దగ్గరికి పళ్ల చక్రాల రైలు పోతుంది. 2,962 మీటర్లు, జర్మనీలో అంతకంటే ఎత్తు లేదు. చెక్కబండి మీద కూర్చుని జారవచ్చు. ఎండలో కుర్చీ వేసుకుని వేడి చాక్లెట్ తాగుతూ చూడవచ్చు. ఏదైనా సరే, అది అక్క నోటితో చెప్పాలి.

జర్మనీ మనకెక్కడ అనుకునే పాఠకులకు మనాలీ దగ్గర సోలాంగ్ లోయ ఉన్నది, కశ్మీరులో గుల్‌మర్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలీ ఉన్నాయి. కొత్తవాళ్లకు నేర్పే శిక్షకులు అక్కడా దొరుకుతారు. అక్కడికి పోయి కూడా భర్తలు జారుతుంటే కోట్లు, ఫోన్లు, పిల్లల టోపీలు పట్టుకుని నిలబడ్డ అమ్మలను ఫొటోల్లో చూశాను. మా ఎదురింటాయన దుబాయిలో పనిచేసేవాడు. అక్కడ 2005లో ఒక పెద్ద మాల్‌లో కట్టిన మంచుకొండను అద్దంలోంచి చూశాడట, టిక్కెట్టు కొనలేక. చేతిలో డబ్బు లేక అద్దం బయట నిలబడడం వేరు, డబ్బు పెట్టి, మంచు దాకా వచ్చి, కిటికీ లోపల ఉండిపోవడం వేరు.

రాసినదంతా అక్కకు పంపాను. రెండు రోజులు జవాబు లేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మూడోరోజు ఫోన్.

"మా వానికి చెప్పిన. కొద్దిసేపు ఏం మాట్లాడలే. నువ్వొస్తనంటే నాకు తెల్వదమ్మా అన్నడు. కాలి సైజు అడుగుతున్నడు. నాకేం తెలుసే, చూపులకు కొనుక్కుంటనాయె."

నిన్న నిజామాబాద్ వెళ్లాను. ఇద్దరం గాంధీచౌక్ వైపు చెప్పుల దుకాణంలో కొలిపించుకున్నాం. ముప్పయ్యేడు. పక్కనే బరువు మిషన్ ఉంటే ఎక్కింది. అంకె నాకు కూడా చూపించలేదు. కొడుక్కు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పిందట.