మంచు క్రీడ – సామాన్యుని ముంగిలి

తుని స్టేషనులో దిగి, నర్సీపట్నం మీదుగా లంబసింగికి వెళ్లే యాత్రికులు చలికాలపు వేకువలో గడ్డిపై పేరుకొన్న మంచును చూచి మురిసిపోతారు. ‘ఆంధ్రా కాశ్మీరం’ అని ఆ ఊరికి ముద్దుపేరు. కాని ఆ మంచు పొద్దెక్కగానే కరిగిపోతుంది. కాళ్లకు పొడవాటి పలకలు బిగించుకొని మంచువాలులపై జారే స్కీయింగ్ నేర్వాలంటే హిమాలయాలలోని గుల్‌మార్గ్‌కో, ఔలీకో పోవలసిందే.

పలకలు అద్దెకు దొరుకుతాయి. అంతమాత్రాన ఆట చౌక కాదు. రానుపోను రైలులోనే మూడు దినాలు గడుస్తాయి. ఆపై కొండదారి ప్రయాణం, బస, ఉన్ని దుస్తులు, శిక్షకుని రుసుము. వీటన్నిటికంటె బరువైనది పని మానుకోవడం. దినకూలికైనా, చిన్న అంగడి నడుపుకొనేవానికైనా పది దినాల రాబడి పోతే ఆ నెల ఇల్లు గడవదు.

అయితే ఇది ధనికుల వినోదమని తోసిపుచ్చడం తొందరపాటే. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణ వ్యవసాయ కూలీల బిడ్డ. అప్పటికి ఆమెకు పదునాలుగేండ్లు నిండలేదు. భువనగిరి కొండపై మొదలైన శిక్షణ డార్జిలింగ్, లదాఖ్‌ల వరకు సాగింది. ఎవరెస్టు యాత్రకయ్యే వ్యయం ముందు స్కీయింగ్ ఖర్చు ఏపాటిది? ఆ భారాన్ని తల్లిదండ్రులు మోయలేదు; గురుకుల సంస్థ మోసింది.

గుల్‌మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖకు చెందిన సంస్థ స్కీయింగ్ తరగతులు నడుపుతున్నది. ముందు ప్రతి బడికీ ఆటస్థలం చూడమనేవారి మాటలో న్యాయం లేకపోలేదు. అయినా ఏటా జిల్లాకొక చిన్న జట్టును ఆ తరగతులకు పంపడం ప్రభుత్వానికి మోయరాని బరువేమీ కాదు.