రక్తపు చుక్క జాతకచక్రం కాదు



ఈ మధ్య మన దేవరకొండ ప్రాంతంలోని గ్రామీణ వైద్యుల ఫోన్లకూ, ప్రకృతి వైద్యం చేస్తున్నామని చెప్పుకొనే వారి ఫోన్లకూ ఒక ప్రకటన చేరుతున్నది. మూడు రోజుల శిక్షణ పొందితే చాలునట. సూక్ష్మదర్శిని కింద ఒక్క రక్తపు చుక్కను చూసి, ఒంట్లో ఉన్న రోగాలనే కాక రాబోయే రోగాలను కూడా చెప్పగలరట. దీనికి 'లైవ్ బ్లడ్ అనాలిసిస్' అని పేరు పెట్టారు. శిక్షణ చివర ఒక ధ్రువపత్రం ఇస్తారు. సూక్ష్మదర్శిని, కెమెరా, తెర కలిపి అమ్ముతారు. జీవితమంతా ప్రభుత్వ వైద్యంలో గడిపిన వాడిగా నేను ఈ శిక్షణను పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. ఎందుకు వ్యతిరేకిస్తున్నానో కారణాలతో సహా మీ ముందుంచుతున్నాను. చదివి మీరే తీర్పు చెప్పండి.

ముందే ఒక మాట స్పష్టం చేయాలి. నా తగవు ప్రకృతి వైద్యంతో కాదు. మితాహారం, నడక, చాలినంత నిద్ర, ఉప్పు తగ్గించడం, పొగాకు మానడం వంటివి ప్రకృతి వైద్యులు చెప్పినా మేము చెప్పినా మేలు చేసేవే. గాంధీజీ 1946లో పుణె దగ్గరి ఉరుళీ కాంచన్‌లో పేదల కోసం ప్రకృతి చికిత్స మొదలుపెట్టినప్పుడు నీరు, మట్టి, ఎండ, ఆహారం వీటినే నమ్ముకున్నారు తప్ప తెర మీద బొమ్మలు చూపి ఎవరినీ భయపెట్టలేదు. మన హైదరాబాదులోనే అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయమూ, గాంధీ ప్రకృతి వైద్య కళాశాలా ఉన్నాయి. బీఎన్‌వైఎస్ పట్టా కోసం విద్యార్థులు నాలుగున్నరేళ్లు చదివి, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేస్తారు. శరీర నిర్మాణమూ, వ్యాధి విజ్ఞానమూ నేర్చుకుంటారు. ఆ చదువుకూ మూడు రోజుల ధ్రువపత్రానికీ పోలిక లేదు. ఈ శిక్షణను వ్యతిరేకించవలసిన వారిలో మొదటివారు ఆ పట్టభద్రులే అని నా అభిప్రాయం. ఎందుకంటే పోయేది వారి శాస్త్రం పరువే.

తెర మీద కనిపించేది ఏమిటి?

వేలి కొనను సూదితో పొడిచి ఒక చుక్క తీస్తారు. గాజు పలక మీద వేసి, పైన పలుచని కవర్ స్లిప్ మూస్తారు. రంగు ద్రావకం ఏదీ వేయరు. డార్క్ ఫీల్డ్ సూక్ష్మదర్శినిలో నల్లని నేపథ్యం మీద కణాలు మెరుస్తూ కదులుతాయి. ఆ దృశ్యాన్ని పెద్ద తెర మీద రోగికి చూపిస్తారు. తన రక్తాన్ని తాను కళ్లారా చూసుకున్న మనిషి ఆ తర్వాత చెప్పే ఏ మాటనైనా నమ్మడానికి సిద్ధంగా ఉంటాడు. ఈ వ్యాపారానికి బలం అక్కడే ఉన్నది. చూపించేది నిజం, దానికి చెప్పే అర్థం అబద్ధం.

ఎర్ర కణాలు నాణేల దొంతరలా ఒకదానికొకటి అంటుకుంటే, 'మీ రక్తంలో ఆమ్లం పెరిగింది' అంటారు. చుక్క మందంగా పడినా, కొన్ని నిమిషాలు ఆలస్యమైనా ఆరోగ్యవంతుని రక్తంలోనూ ఈ దొంతరలు ఏర్పడతాయి. ఇక రక్తపు పీహెచ్ విలువ 7.35 నుంచి 7.45 మధ్య ఉండేలా ఊపిరితిత్తులు, మూత్రపిండాలు అనుక్షణం కాపాడుతుంటాయి. ఆ హద్దును బాగా దాటిన మనిషి కుర్చీలో కూర్చుని తెర చూడడు, అత్యవసర వార్డులో ఉంటాడు.

కణాల అంచులు ముళ్లలా కనిపిస్తే 'ఒంట్లో విషాలు చేరాయి' అంటారు. పలక మీద తడి ఆరుతున్నప్పుడు కణాలు అలాగే ముడుచుకుంటాయి. సన్నని దారాలు కనిపిస్తే 'కాలేయం అలసిపోయింది' అంటారు. అవి రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే ఫైబ్రిన్ దారాలు. శరీరం బయటికి వచ్చిన రక్తంలో అవి ఏర్పడకపోతేనే మనం భయపడాలి. మిణుకుమనే చుక్కలు కనిపిస్తే 'క్రిములు, ఫంగస్' అంటారు. భోజనం తర్వాత రక్తంలో తేలే కొవ్వు రేణువులు, ప్లేట్‌లెట్లు, విరిగిన కణాల ముక్కలు, గాజు మీది దుమ్ము అన్నీ ఆ వెలుగులో అలాగే మెరుస్తాయి.

అసలు ఇంద్రజాలం రోగి రెండవసారి వచ్చినప్పుడు జరుగుతుంది. నెల రోజులు పొడులు, రసాలు వాడించిన తర్వాత మళ్లీ చుక్క తీస్తారు. ఈసారి చుక్క కొంచెం పలుచగా పడితే, ఆలస్యం లేకుండా చూస్తే కణాలు విడివిడిగా ఈదుతూ కనిపిస్తాయి. 'చూశారా, రక్తం శుద్ధి అయింది' అంటారు. ఇలా చెప్పే వ్యక్తి మోసగాడే కానక్కరలేదు. మొదటి పలకకూ రెండవ పలకకూ తేడా తన చేతిలో ఉన్నదని అతనికి ఎవరూ నేర్పలేదు. అందువల్ల డబ్బు కట్టి శిక్షణకు వెళ్లిన వైద్యుడే ఈ వ్యవహారంలో మొదటి బాధితుడు. రోగి రెండవవాడు.

సూక్ష్మదర్శినిది తప్పు కాదు

'రంగు వేయని రక్తాన్ని చూడడమే తప్పా?' అని మీరు అడగవచ్చు. కాదు. నల్లగొండ బోదకాలు వ్యాధి ఉన్న జిల్లా. ఆ సూక్ష్మక్రిములు రాత్రివేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. రాత్రి తీసిన తాజా చుక్కలో అవి మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. సికిల్ సెల్ వ్యాధి అనుమానం ఉంటే, తాజా రక్తానికి సోడియం మెటాబైసల్ఫైట్ కలిపి, కణాలు కొడవలి ఆకారంలోకి మారుతాయా అని చూసే పరీక్ష ఎంతో కాలంగా ఉన్నది. సిఫిలిస్ పుండు నుంచి తీసిన ద్రవంలో ఆ క్రిమిని డార్క్ ఫీల్డ్‌లోనే చూస్తారు. కానీ ఈ మూడింటి లక్షణం గమనించండి. ప్రశ్న ఒక్కటే. జవాబు ఉన్నది లేదా లేదు. సందేహముంటే నిర్ధారించడానికి మరొక పరీక్ష ఉన్నది. లైవ్ బ్లడ్ అనాలిసిస్‌లో ప్రశ్న లేదు, సరిచూసే మార్గం లేదు. జవాబులు మాత్రం లెక్కలేనన్ని.

మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మలేరియా రక్తపూత పరీక్ష ఎలా నడుస్తుందో చూడండి. టెక్నీషియన్ పలకకు రంగు వేసి, కనీసం వంద ఫీల్డులు చూసి ఫలితం రాస్తాడు. అంతటితో అయిపోదు. పలకలు పై ప్రయోగశాలకు వెళతాయి, అక్కడ మరొకరు తిరిగి చూస్తారు. ఏళ్ల అనుభవం ఉన్న మనిషి కంటిని కూడా శాస్త్రం ఒంటరిగా నమ్మదు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడని బడి పిల్లలకు కూడా తెలుసు. ఆ తర్వాత అతడేం చేశాడో చాలామందికి తెలియదు. 'నేను చూశాను కాబట్టి నిజం' అని ఊరుకోలేదు. ఆ పలకలను ఇతరులకు చూపించాడు. అదే ఏడాది డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అతని వ్యాసంతో పాటు వాటిని పరిశీలించిన వారి అభిప్రాయాలు కూడా అచ్చయ్యాయి. రాస్‌కే అవసరమైన రెండవ కన్ను, మూడు రోజులు నేర్చుకున్న వారికి అక్కరలేదా?

పరీక్షకు నిలిచిందా?

ఈ పద్ధతికి మూలపురుషుడిగా చెప్పే గుంటర్ ఎండర్‌లీన్ వైద్యుడు కాదు, జర్మనీకి చెందిన జంతు శాస్త్రవేత్త. రక్తంలోని సూక్ష్మరూపాలు ఒకదాని నుంచి మరొకటిగా మారుతూ చివరకు రోగకారక క్రిములవుతాయని 1925లో ఒక గ్రంథంలో ప్రతిపాదించాడు. సూక్ష్మజీవ శాస్త్రం దానిని అంగీకరించలేదు. అయినా ఆ పద్ధతిని నిజాయతీగా పరీక్షించిన వారు జర్మనీలోనే ఉన్నారు. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 110 మంది రోగులను ఈ పద్ధతిలో చూశారు. వారిలో 12 మందికి క్యాన్సర్ ఒంట్లో వ్యాపించిందని సాధారణ వైద్య పరీక్షల్లో తేలింది. డార్క్ ఫీల్డ్ ఆ పన్నెండు మందిలో ముగ్గురినే పట్టుకున్నది. వ్యాపించని వారిలో మూడవ వంతుకు మించి మందికి ఉన్నదని తప్పుగా చెప్పింది. 2006లో మరొక అధ్యయనంలో 48 రక్త నమూనాలను ఈ పద్ధతిలో అనుభవజ్ఞులైన ఇద్దరు విడివిడిగా చూశారు. ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొంతన చాలా తక్కువ. అదే రక్తాన్ని తిరిగి చూపితే, తాము ముందు చెప్పినదే వారు నికరంగా చెప్పలేకపోయారు. ఈ రెండు అధ్యయనాలూ ప్రత్యామ్నాయ వైద్య పత్రికల్లోనే వచ్చాయి. కాబట్టి 'అల్లోపతి వారి కుట్ర' అనే సమాధానం ఇక్కడ చెల్లదు.

అమెరికాలో 'ఆమ్ల రక్తం' సిద్ధాంతంతో పుస్తకాలు రాసి, రక్త సూక్ష్మదర్శిని శిక్షణలు నడిపిన రాబర్ట్ యంగ్ అనుమతి లేకుండా వైద్యం చేసినందుకు 2016లో దోషిగా తేలి, 2017లో జైలు శిక్ష పొందాడు. అతని మాట నమ్మి సరైన చికిత్స మానుకున్న ఒక క్యాన్సర్ రోగికి పదిన్నర కోట్ల డాలర్ల పరిహారం చెల్లించాలని 2018లో అక్కడి జ్యూరీ తీర్పు ఇచ్చింది. ఆ దేశాల్లో న్యాయస్థానాల దాకా వెళ్లిన సరుకే ఇప్పుడు మన తండాల వాకిట్లోకి కొత్త విజ్ఞానంగా వస్తున్నది.

మన దగ్గర జరిగే నష్టం

'ఎవరికీ హాని లేదు కదా, ఒక్క చుక్కే కదా' అంటారు. హాని ఉన్నది. దాని పేరు కాలయాపన.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. చందంపేట వైపు తండా నుంచి ఆయాసంతో వచ్చిన తల్లికి కావలసినది హిమోగ్లోబిన్ పరీక్ష, ఐరన్ మాత్ర, అవసరమైతే కారణం వెతకడం. ఆమెకు తెర మీద ముళ్ల కణాలు చూపి విషాలు కడిగే పొడి అంటగడితే, ఆ నెల రోజుల్లో ఆమె రక్తం ఇంకా పలుచబడుతుంది. కడుపుతో ఉంటే ప్రమాదం ఇద్దరికి.

మన జిల్లా ఫ్లోరైడ్ బాధ దేశమంతటికీ తెలుసు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటికతో, సున్నంతో తొలగించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే వచ్చింది. కృష్ణా నీరు ఇళ్లకు చేరినా, పాత తరం వారి వెన్నులో, కీళ్లలో ఆ ఫ్లోరైడ్ ఇంకా ఉన్నది. వారి నడుము నొప్పికి కారణం తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి, తాగిన నీటి చరిత్ర అడగాలి. రక్తపు చుక్కలో అది కనిపించదు. మూడు వారాలు దగ్గుతున్న కూలీకి కావలసినది తెమడ పరీక్ష. అది ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. అతనికి 'రక్తంలో ఫంగస్' అని చెప్పి పంపితే, క్షయ అతని ఇంటిల్లిపాదికీ అంటుతుంది.

మరొక ప్రమాదం సూదిది. ఒకరికి వాడిన లాన్సెట్ మరొకరికి తగిలినా, రక్తపు పలకలను చెత్తకుప్పలో వేసినా కామెర్ల హెపటైటిస్ బి, సి వైరస్‌లకు దారి తీసినట్లే.

చట్టం కూడా మౌనంగా లేదు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం క్యాన్సర్, మధుమేహం వంటి వ్యాధులకు ఔషధంతో చికిత్సే కాదు, రోగ నిర్ధారణ జరుగుతుందని ప్రకటించుకోవడాన్ని కూడా నిషేధిస్తుంది. ప్రయోగశాల నివేదిక మీద అర్హత గల రిజిస్టర్డ్ వైద్యుని సంతకం ఉండాలని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మూడు రోజుల ధ్రువపత్రం ఆ అర్హత కాదు.

ఒక సవాలు, కొన్ని విన్నపాలు

ఈ శిక్షణ ఇచ్చేవారికి నా సవాలు సులభమైనది. పది మంది రక్తం తీసి, ఒక్కొక్కరిది రెండేసి పలకలు చేయండి. పేర్లు తీసివేసి అంకెలు మాత్రం వేయండి. ఏ రెండు పలకలు ఒకే మనిషివో, ఆ మనిషికి ఏ జబ్బు ఉన్నదో పది మంది ముందు చెప్పండి. చెప్పగలిగితే ఈ వ్యాసాన్ని నేనే వెనక్కి తీసుకుంటాను. చెప్పలేకపోతే రుసుములు తిరిగి ఇచ్చివేయండి.

గ్రామీణ వైద్య మిత్రులారా, మీ మీద ఊరివారికి నమ్మకం ఉన్నది. అర్ధరాత్రి పిలిచినా వెళ్లే మనుషులు మీరు. ఆ డబ్బుతో మంచి రక్తపోటు యంత్రం కొనండి. హిమోగ్లోబిన్ తక్కువైనప్పుడు కనిపించే లక్షణాలు, క్షయ లక్షణాలు, గర్భిణికి ప్రమాద సూచనలు నేర్చుకోండి. రోగిని ఎప్పుడు ఏరియా ఆసుపత్రికి పంపాలో తెలిసినవారే ఊరికి మేలు చేస్తారు. ఆరోగ్య శాఖ అధికారులు కూడా ఇలాంటి శిక్షణల మీద విచారణ జరపాలి. వాటి స్థానంలో పనికివచ్చే శిక్షణ తామే ఇవ్వాలి. ఖాళీ వదిలితే అందులోకి ఇలాంటి వారే వస్తారు.

పాఠకులకు చివరిగా ఒక మాట. ఎవరైనా మీ రక్తాన్ని తెర మీద చూపితే మూడు ప్రశ్నలు అడగండి. ఈ పరీక్ష దేనికి? దీని ఫలితాన్ని మరొక ప్రయోగశాల సరిచూడగలదా? నివేదిక మీద ఎవరి సంతకం ఉంటుంది? ఈ మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే లేచి రండి. అదే డబ్బుతో దేవరకొండ బస్సు ఎక్కితే, ప్రభుత్వ ఆసుపత్రిలో రూపాయి ఖర్చు లేకుండా మీ రక్తానికి అసలు పరీక్ష జరుగుతుంది.