మన మనసు మనకు తెలుసా?

ఇంట్లో ఎవరి మనసు ఎలా ఉందో ఇల్లాలికి ఇట్టే తెలిసిపోతుంది. ఆయన చెప్పులు విడిచే చప్పుడు విని ఆఫీసులో ఏదో జరిగిందని పట్టేస్తాం. అమ్మాయి కంచంలో అన్నం కెలుకుతుంటే మార్కులు తగ్గాయని గ్రహిస్తాం. అత్తగారి మౌనానికి కూడా అర్థం చెప్పగలం. ఇన్ని మనసులు చదివే మనకి మన మనసు సంగతి ఏపాటి తెలుసు? "ఎందుకమ్మా అలా ఉన్నావు?" అని పిల్లలడిగితే "ఏం లేదురా, తలనొప్పి" అనేస్తాం. ఆ తలనొప్పి వెనక ఏముందో మనమైనా తొంగిచూడం.

తనని తాను పరిశీలించుకోవడం సన్యాసులకో, రిటైరై ఖాళీగా ఉన్న మగవాళ్లకో సంబంధించిన విషయమని మనలో చాలామంది అభిప్రాయం. అలా అనుకునేవాళ్లు మన గుంటూరు జిల్లా ఆడపడుచు సూరి నాగమ్మగారి గురించి తెలుసుకోవాలి. ఆమె 1902లో మంగళగిరి దగ్గరి కొలనుకొండలో పుట్టారు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఆ వెంటనే వైధవ్యం. బడి చదువు లేదు. ఇంట్లోనే అక్షరాలు నేర్చుకుని, పురాణాలు చదువుకుని, పద్యాలల్లే స్థాయికి ఎదిగారు. 1941లో తిరువణ్ణామలై వెళ్లి రమణ మహర్షిని దర్శించుకున్నారు. రాత్రిళ్లు ఆడవాళ్లు ఆశ్రమంలో ఉండకూడదన్న నియమం అప్పట్లో ఉండేది. అందుకని దగ్గరలోనే వేరే ఇంట్లో ఉంటూ రోజూ వెళ్లి వచ్చేవారు. 1945 నుంచి అక్కడ చూసిందీ, విన్నదీ తన సోదరుడు డి.ఎస్. శాస్త్రిగారికి ఉత్తరాలుగా రాశారు. అవే 'శ్రీ రమణాశ్రమ లేఖలు'. వేదాంత చర్చలతో బాటు ఆశ్రమంలోని ఆవు లక్ష్మి 1948లో కన్నుమూసిన వైనం కూడా అందులో ఉంది.

మహర్షి చెప్పిన పద్ధతిలో గుప్త మంత్రమేమీ లేదు. ఒక ఆలోచన వచ్చిందా, ఇది ఎవరికి వచ్చిందని అడగాలి. నాకు అనిపిస్తుంది. అయితే ఆ 'నేను' ఎవరు? ఈ ప్రశ్న పట్టుకుని లోపలికి వెళ్లడమే ఆయన చూపిన దారి. ఇందుకోసం సంసారం వదిలి వస్తామన్నవాళ్లని ఆయన ప్రోత్సహించలేదు. ఆయనే ఏళ్ల తరబడి తెల్లవారుజామున లేచి, ఆశ్రమం వంటింట్లో కూరలు తరిగారు. వంటింట్లో ఉన్నవాళ్లకి అందని విద్య కాదిది.

మన ఊళ్లో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లని చూడండి. పని అయ్యాక చేతులు కడుక్కోకుండా కళ్లు తుడుచుకోరు, పసిబిడ్డని తాకరు. చేతికి కారం ఉందని వాళ్లకి తెలుసు. కోపం కూడా అలాంటిదే. పొద్దున ఎవరో అన్న మాట మనసుకి అంటుకుని ఉంటుంది. అది ఉందని గమనించుకోం. సాయంత్రం హోంవర్క్ చెయ్యని పిల్లాడి వీపు మీద పడుతుంది. పనిమనిషి మీద విసుగుగా మారుతుంది. 'ఇప్పుడు నాలో కోపం ఉంది, ఇది ఫలానా మాట వల్ల వచ్చింది' అని ఒక్క క్షణం గుర్తించగలిగితే చాలు, చెయ్యి ఆగుతుంది. 'నేనెవరు' దాకా వెళ్లలేకపోయినా, ఆ దారిలో ఇది మొదటి మెట్టు.

ఇక్కడొక ప్రమాదం ఉంది. మనల్ని మనం చూసుకోమనగానే ఆడవాళ్లం తప్పులు వెతుక్కోవడం మొదలుపెడతాం. కూర మాడితే మన తప్పు, పిల్లాడు ఫెయిలైతే మన తప్పు, మొగుడు తాగొచ్చినా మన తప్పే! పరిశీలన అంటే అది కాదు. అద్దం ఉన్నది ఉన్నట్టు చూపిస్తుందే గానీ తిట్టదు కదా. అలాగే, 'లోపలికి చూసుకో, అన్నీ సర్దుకుంటాయి' అని ఎవరైనా అన్యాయాన్ని ఓర్చుకోమంటే నమ్మకండి. కొట్టే చెయ్యి ఎదురుగా ఉంటే ముందు ఆ చేతిని ఆపాలి. నలుగురికీ చెప్పాలి, చట్టం సాయం తీసుకోవాలి. నిజానికి తన మనసు తనకి తెలిసిన మనిషే, ఏది తన తప్పో, ఏది తనకి జరుగుతున్న అన్యాయమో విడదీసి చూడగలదు. భయానికి ఓర్పు అని పేరు పెట్టుకోదు.

ఇప్పుడు ఆత్మజ్ఞానం కూడా కోర్సుల్లో, ప్యాకేజీల్లో దొరుకుతోంది. రహస్య బోధ అంటూ వేలకు వేలు అడిగేవాళ్లున్నారు. పుట్టింటి గొలుసు తాకట్టు పెట్టి కొనుక్కోవలసిన వస్తువు కాదది. మన మనసు మన దగ్గరే ఉంది. దాన్ని చూడటానికి టిక్కెట్టు ఎందుకు?

కావలసింది కాస్త సమయం. అది మాత్రం ఇంట్లో అడిగి తీసుకోవాల్సిందే. ఆయన పేపరు చదువుకునే అరగంటని ఎవరూ ప్రశ్నించరు. మన పావుగంటకి అందరూ అడ్డమే! ఆ పావుగంట కుక్కరు బాధ్యత ఇంకొకరికి అప్పగించండి. కుదిరితే ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఆ రోజు ఏ మాటకి మనసు చివుక్కుమందో, ఎక్కడ భయపడ్డామో, దేనికి సంతోషం వేసిందో నాలుగు ముక్కలు రాసుకోండి. బడి మొహం చూడని నాగమ్మగారు ఉత్తరాలు రాస్తూ ఒక పెద్ద గ్రంథమే ఇచ్చారు. డిగ్రీలు చదివిన మనం, చాకలి పద్దు రాసినంత శ్రద్ధగానైనా మన మనసు పద్దు రాసుకోలేమా?