తోసో మహిమ, కంపాయ్ మర్యాద

జనవరి 1 పొద్దున జపాన్‌లో కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఒక తంతు ఉంది. ఒకదానిమీద ఒకటి పేర్చిన మూడు లక్క గిన్నెలు, రాత్రంతా మూలికలు నానిన సాకే, అంటే బియ్యపు మద్యం. దాన్ని తోసో అంటారు. ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు ముందు తాగాలి, ముసలివాళ్లు చివర. ఒక్కరు తాగితే ఇంటికి రోగం రాదట, ఇంటిల్లిపాదీ తాగితే ఊరంతటికీ రాదట.

చైనా నుంచి వచ్చిన ఈ ఆచారానికి హువా తువో అనే ప్రాచీన వైద్యుడి పేరు తగిలించారు. 9వ శతాబ్ది మొదట్లో సగా చక్రవర్తి కొలువులో అడుగుపెట్టిందని చెబుతారు. పాత యోగాల్లో దాల్చినచెక్కతోపాటు విషమైన వత్సనాభి కూడా ఉండేది. ఇప్పటి పొట్లాల్లో అది లేదు. మంచి పనే. మరి దినుసులు మారినా మహిమ మారలేదంటే, అది మందులో ఉన్నట్టా, మాటలో ఉన్నట్టా?

తేదీ సంగతి ఇంకా వింత. ఏడాది తొలి ఉదయానే తాగాలన్నది నియమం. 1872లో మెయిజీ ప్రభుత్వం పాత చాంద్రమాన పంచాంగాన్ని పక్కన పెట్టింది. ఆ ఏడు పన్నెండో నెల రెండు రోజులకే ముగిసింది, మర్నాడే 1873 జనవరి 1 అయింది. రోగభూతాలు కూడా సర్కారు ఉత్తర్వు చదివి తమ రాకను మార్చుకున్నాయనుకోవాలి! 1918లో మొదలైన ఇన్‌ఫ్లుయెంజా మాత్రం ఏ తోసోకూ జడవలేదు. అధికారిక లెక్క ప్రకారమే 3 లక్షల 80 వేలకు పైగా జపనీయులను పొట్టన పెట్టుకుంది. నవ్వేముందు మన ఉగాది పచ్చడికి అంటగట్టే వైద్య మహిమలనూ ఒకసారి తలుచుకుందాం.

సాకే తయారీ మాత్రం తలవంచి మెచ్చుకోవలసిన విద్య. కోజి అనే బూజు బియ్యపు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో ఈస్టు ఆ చక్కెరను ఆల్కహాలు చేస్తుంది. పాశ్చర్ కన్నా దాదాపు మూడు వందల ఏళ్ల ముందే, సాకేను వేడిచేసి చెడకుండా కాపాడే పద్ధతి నారాలోని ఒక బౌద్ధ మఠం దినచర్య పుస్తకంలోకి ఎక్కింది. సూక్ష్మజీవుల ఊసు ఆ సన్యాసులకు తెలియదు. చేసి చూశారు, ఫలించింది, రాసుకున్నారు. అదే సాకే ఇళ్లలో ఆడది గడప తొక్కితే దేవత అలుగుతుందనే నమ్మకమూ బతికింది. ఇవాళ తోజీలుగా, అంటే తయారీకి పెద్దలుగా, స్త్రీలున్నారు. సాకే విరిగిపోలేదు.

ఇక డిసెంబరులో బోనెన్‌కాయ్‌లు. గడిచిన ఏడాది కష్టాలు మరచిపోవడానికి ఆఫీసువాళ్లంతా కలిసి చేసుకునే విందు. ఎవరి గిన్నె వాళ్లు నింపుకోకూడదు, పక్కవాళ్లకు పొయ్యాలి. పైఅధికారి పోస్తే కాదనడం కష్టం. చూడ్డానికి ముచ్చటైన మర్యాదే, కానీ కాదనే దారి మూసేసిన మర్యాద.

ఇక్కడ తోసోకన్నా ప్రమాదకరమైన మూఢనమ్మకం ఒకటుంది: తాగగా తాగగా ఒంటికి పడుతుందని. ఆల్కహాలు శరీరంలో అసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని విరిచే ఎంజైము జపనీయుల్లో దాదాపు 40 శాతం మందిలో పుట్టుకతోనే బలహీనం. అందుకే రెండు గుక్కలకే మొహం కందిపోతుంది. అలవాటైతే ఎరుపు తగ్గవచ్చు గానీ జన్యువు మారదు. ఇలాంటివాళ్లు పట్టుబట్టి తాగుతూపోతే అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. కందిన మొహం శరీరం చేస్తున్న హెచ్చరిక, దాన్ని పిరికితనంగా చదివింది సమాజం.

2024 ఫిబ్రవరిలో జపాన్ ఆరోగ్యశాఖ తాగుడుపై మార్గదర్శకాలు ఇచ్చింది. రోజుకు మగవాళ్లు 40 గ్రాములు, ఆడవాళ్లు 20 గ్రాములు లేదా అంతకు మించి స్వచ్ఛమైన ఆల్కహాలు తీసుకుంటే జబ్బుల ముప్పు పెరుగుతుందని చెప్పింది. 180 మిల్లీలీటర్ల సాకేలోనే 20 గ్రాములకు పైగా ఉంటుంది. 1922 నుంచి ఇరవై ఏళ్లు నిండనివారు తాగడం అక్కడ చట్టవిరుద్ధం. అంటే తోసో నియమం తొలి గుక్క ఎవరికిమ్మంటుందో, చట్టం వాళ్లకే వద్దంటుంది. ఇళ్లలో ఏం చేస్తున్నారు? పిల్లల పెదవికి గిన్నె ఆనించి తీసేస్తారు, లేదా కాచి ఆల్కహాలు పోగొడతారు. ఆచారం వంగింది, ఆకాశమేమీ విరిగిపడలేదు. బోనెన్‌కాయ్ బల్ల దగ్గర మాత్రం వంగనంటే ఎలా?

టోక్యో కంపెనీల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లూ ఆ బల్లల దగ్గర కూర్చుంటున్నారు. తాగాలనిపిస్తే మీ ఇష్టం. లేదంటే ఊలాంగ్ టీ గ్లాసెత్తి కంపాయ్, అంటే చీర్స్, అనండి, సంజాయిషీ ఇవ్వకండి.