కుడిప్రక్కన కూర్చున్నవారి క్షేమము

ఫ్లోరిడా రాష్ట్రమున సమ్టర్, లేక్, మేరియన్ కౌంటీలలో విస్తరించిన ‘ది విలేజెస్’ అను విశ్రాంత నగరమునందు, కారు నడపుట భారమైన వృద్ధులు సైతము వైద్యుని కడకును, ఈతకొలనునకును, సాయంకాలపు సంగీతమునకును ఒకరి చేయి చూడక పోయి రాగలుగుచున్నారనిన, దానికి కారణము నూరు మైళ్ళకు పైబడిన ప్రత్యేకమార్గములును, వానిపై సాగు గోల్ఫు కార్టులును. ఆ స్వాతంత్ర్యము వార్ధక్యమున ఎంత ప్రాణప్రదమో ఎరుగుదుము గనుక దానిని విడువుమని మేమెన్నడును చెప్పము. కారు నడపునప్పుడుండు జాగరూకత కార్టు ఎక్కినప్పుడును ఉండవలెనని మాత్రము ప్రార్థించుచున్నాము.

కార్టుకు తలుపులు లేవు. పెక్కింటికి సీటు బెల్టులును లేవు. బ్రేకులు సామాన్యముగా వెనుక చక్రములకే ఉండుటచేత, పల్లమున వేగముగా దిగుచు గట్టిగా త్రొక్కినచో ఆ చక్రములు పట్టు తప్పి బండి అడ్డము తిరుగును, ఒక్కొక్కప్పుడు బోల్తాపడును. అయితే మేము మరీ భయపడునది ఎడమ మలుపునకు. నడపువారికి స్టీరింగే ఆధారము. కుడిప్రక్కన పులిహోర గిన్నెను ఒడిలో నుంచుకొని రెండు చేతులతోను పట్టుకొన్న ఇల్లాలికి, తుంటి ప్రక్కనున్న పొట్టి కమ్మి తప్ప వేరు ఆధారము లేదు. బండి చటుక్కున ఎడమకు మరలినపుడు ఆమె దేహము కుడికి తూలును. ఆ కుడివైపున ఉన్నది రోడ్డే. ఇట్టి పాటుకు పెద్ద వేగము అక్కరలేదు. రక్తము పలుచబడుటకు మందులు వాడువారైనచో, పైకి గాయము కానరాకున్నను, లేచి నడచి ‘ఏమీ కాలేదు’ అనినను, తలకు తగిలిన దెబ్బను ఉపేక్షింపక వెంటనే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

మనుమని ఒడిలో కూర్చుండబెట్టుకొని స్టీరింగు వాని చేతికిచ్చు తాతగారి వాత్సల్యమును మేము అర్థము చేసికొనగలము, కాని సమ్మతింపజాలము. 2023 అక్టోబరు 1 నుండి ఈ రాష్ట్రమున 18 ఏండ్లు నిండనివారు వీధులలో కార్టు నడపవలెనన్న లెర్నర్ పర్మిటో లైసెన్సో ఉండవలెను. పెద్దలకు ప్రభుత్వమిచ్చిన ఫోటో గుర్తింపుపత్రము దగ్గరనుండవలెను. బిడ్డల యింట కొన్ని నెలలు గడపుటకై ఆంధ్ర, తెలంగాణములనుండి వచ్చు తల్లిదండ్రులకు పాసుపోర్టే ఆ పత్రము. వారి విషయమున మరియొక చిక్కు కలదు: జీవితమంతయు రోడ్డుకు ఎడమవైపున నడపినవారగుటచే, రౌండబౌటు చేరగానే వారి చూపు ముందుగా కుడికే పోవును, ఇచ్చట బండ్లు వచ్చునది ఎడమనుండి. వారి చేతికి తాళమిచ్చుటకు ముందు కొన్ని దినములు ప్రక్కన కూర్చుండి దారి చూపుట బిడ్డల విధి.

ఇక వేగము పెంచుటకై మోటారును మార్పించువారికొక మాట: గంటకు 20 మైళ్ళు దాటగల బండిని చట్టము గోల్ఫు కార్టుగా పరిగణింపదు, దానికి రిజిస్ట్రేషను, బీమా, లైసెన్సు, బెల్టులు అన్నియు కావలెను.

ఈ దసరాకు తల్లిదండ్రులను చూడబోవు బిడ్డలు, కార్టులు బాగుచేయువారిని పిలిపించి రెండు సీట్లకును బెల్టులు పెట్టింపుడు, బ్రేకులు పరీక్షింపజేయుడు, రాత్రివేళ తిరుగువారైనచో ముందు దీపములు, బ్రేకు దీపములు, మలుపు దీపములు వెలుగుచున్నవో లేవో వెనుక నిలిచి ఒకరు, ముందు నిలిచి ఒకరు చూడుడు. పిమ్మట అమ్మగారి సీటున మీరే కూర్చుండి, నాన్నగారిని వీధి చివర ఎడమకు త్రిప్పుమనుడు.